ఔత్సాహికుల మోటారు పందాలు: తరగతులు ఎట్లా నిర్ణయిస్తారు?

తిరునాళ్ళలో జరిగే బండలాగుడు పందాలు చూసినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది. గిత్తల జతను బరిలోకి దింపేముందు పెద్దలు వాటి నోరు తెరిపించి పళ్ళు చూస్తారు. పాలపళ్ళ జతలు ఒక విభాగం, రెండు పళ్ళ జతలు ఇంకొక విభాగం, ఆపైన నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు. విభాగాన్నిబట్టి బండ బరువు మారుతుంది. వారికి నిజంగా కావలసినది గిత్త బలమెంతో తెలియటం. కాని బలాన్ని కొలిచే సాధనం బరి దగ్గర లేదు. బలం వయస్సునుబట్టి ఉంటుంది. వయస్సు తెలిపే కాగితమేదీ గిత్తకు లేదు. పళ్ళు మాత్రం అబద్ధమాడవు. అందుచేత బలానికి బదులు వయస్సును, వయస్సుకు బదులు పళ్ళను లెక్కిస్తున్నారన్నమాట.

కొలవవలసినదాన్ని కొలవలేక, దానికి దగ్గరగా ఉన్న మరొకదాన్ని కొలవటమనే ఈ ఉపాయమే మోటారు పందాల నియమాలన్నిటికీ మూలం. అందులోని చిక్కులు కూడా ఇవే.

మోటారు పందెమనగానే మనకు ఫార్ములా వన్ వంటివి గుర్తుకు వస్తాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్తు కార్లతో జరిగిన ఫార్ములా ఇ పందెం మనలో చాలామంది చూశారు. అవి జీతాలు తీసుకొని, కంపెనీల సొమ్ముతో ఆడే ఆటలు. వాటికి ఎంతో దిగువన మరొక లోకం ఉన్నది. ఇంగ్లండులోను, అమెరికాలోను, కొంతవరకు మన దేశంలోను గుమాస్తాలు, మెకానిక్కులు, బడిపంతుళ్ళు ఆదివారంనాడు సొంత కారు తీసుకొని, సొంత ఖర్చుతో, ఒక చిన్న కప్పు కోసం పందెం వేసుకుంటారు. వీటిని నడిపేవి క్లబ్బులు.

ఈ సంగతి ఒకనాడు తరగతిలో చెప్పినప్పుడు ఒక విద్యార్థి లేచి, "సార్, అటువంటి పందెంలో ఎవరికి డబ్బుంటే వాడే గెలుస్తాడు గదా?" అని అడిగాడు. ప్రశ్న న్యాయమైనదే. అతని తండ్రిది చిన్న పాత కారు. దానితో పందానికి వెళ్ళటంలో అర్థమున్నదా లేదా అన్నదే అతని అసలు సందేహం. ఆ రోజు నేను చెప్పలేకపోయిన సమాధానం ఈ వ్యాసం.

మొదట, ఆరంభం ఎక్కడో చూద్దాం. అన్నిటికంటె చవకైనది, అపాయం తక్కువైనది అమెరికాలో ఆటోక్రాస్ అనే పోటీ. ఇంగ్లండులో దీనికి దగ్గరి పోటీని ఆటోసోలో అంటారు. విశాలమైన ఖాళీ స్థలంలో, ఒక పెద్ద పార్కింగ్ స్థలంలోనో, వాడుకలో లేని విమానాశ్రయపు తారునేలపైనో, రబ్బరు శంకువులను నిలబెట్టి మెలికల దారి ఏర్పాటు చేస్తారు. ఒకసారి ఒక కారే పరుగెత్తుతుంది. పోటీ గడియారంతోనే గాని పక్క కారుతో కాదు. అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్ 1944లో ఏర్పడినది. దాని నియమం ప్రకారం శంకువును పడగొట్టినా, దాని గుర్తుగీత దాటించినా ఒక్కొక్కదానికి 2 సెకండ్లు అదనంగా కలుపుతారు. ఒక్క సెకండులో పదోవంతు తేడాతో స్థానాలు తారుమారయ్యేచోట 2 సెకండ్లంటే పందెం పోయినట్లే.

మామూలు డ్రైవింగు లైసెన్సు, మంచి హెల్మెట్, జబ్బు లేని కారు, ఇవి ఉంటే చాలు. వంపులు దగ్గరదగ్గరగా పెడతారు కాబట్టి వేగం మన రహదారుల వేగాన్ని మించదు. అయినా చేయి తిరిగిన డ్రైవరుకూ చెమటలు పడతాయి. కారణం భౌతికశాస్త్రంలో ఉన్నది.

కారు వంపు తిరగాలంటే దానిని లోపలివైపుకు లాగే అభికేంద్ర బలం కావాలి. ఆ బలాన్ని ఇచ్చేది టైరుకు నేలకు మధ్యనున్న ఘర్షణ ఒక్కటే. ద్రవ్యరాశిని వేగవర్గంతో గుణించి వంపు వ్యాసార్థంతో భాగిస్తే కావలసిన బలం వస్తుంది. దొరికే ఘర్షణ బలం గరిష్ఠంగా, ఘర్షణ గుణకాన్ని కారు బరువుతో గుణించినంత. రెండింటినీ సమానం చేస్తే ద్రవ్యరాశి ఇరువైపులా ఎగిరిపోతుంది. పొడి తారునేలమీద మంచి టైరు గుణకం సుమారు 1 అనుకుందాం. వ్యాసార్థం 20 మీటర్లైతే, వేగవర్గం 20ని 9.8తో గుణించినంత, అనగా 196. వేగం సెకండుకు 14 మీటర్లు. గంటకు 50 కిలోమీటర్ల పైచిల్లర. కారు ఖరీదైనదైనా, చవకదైనా, ఇంజను ఎంత పెద్దదైనా ఈ లెక్కలో వాటికి చోటు లేదు. నా విద్యార్థికి కొంత ఊరట కలిగించే మొదటి సమాధానం ఇది.

రెండవది ఇంకా ముఖ్యం. ఆ ఘర్షణ బలం ఒకటే మూట. బ్రేకు వేయటానికి, వేగం పెంచటానికి, వంపు తిరగటానికి అందులోనుంచే ఖర్చు పెట్టుకోవాలి. బ్రేకు బలం, పక్కకు లాగే బలం లంబదిశల్లో ఉంటాయి కాబట్టి రెండింటి వర్గాల మొత్తానికి వర్గమూలం ఆ గరిష్ఠాన్ని మించరాదు. కాగితంమీద గీస్తే ఇది ఒక వృత్తమవుతుంది. వంపులో ఉండగా మొత్తం శక్యతలో 0.6 వంతు బ్రేకుకు వాడుకున్నారనుకోండి. వంపుకు మిగిలేది 0.4 కాదు, 0.8. అప్పుడు పై వంపులో సెకండుకు 12.5 మీటర్లు, అనగా గంటకు 45 కిలోమీటర్లు వెళ్ళగలరు. అంతకు మించితే కారు జారుతుంది. మంచి డ్రైవరంటే ఆ వృత్తపు అంచు వెంబడే ఎప్పుడూ ప్రయాణించేవాడు. కొత్తవాడు నిలువుగా బ్రేకు వేస్తాడు, వదులుతాడు, తరువాత వంపు తిప్పుతాడు; వృత్తం లోపల చాలా భాగం అతనికి వృథాగా పోతుంది. ఈ మెలకువ డబ్బుతో రాదు, సాధనతో వస్తుంది.

ఉపాధ్యాయులు ఘర్షణ గుణకాన్ని తరగతిలోనే చూపవచ్చు. ఒక చెక్కపలకమీద రబ్బరుముక్కను ఉంచి, పలకను ఒక చివర మెల్లగా ఎత్తండి. రబ్బరు జారటం మొదలుపెట్టిన క్షణంలో పలక ఎత్తును దాని అడుగు పొడవుతో భాగిస్తే గుణకం వస్తుంది. రబ్బరుముక్క పైన ఒక నాణెం అంటించి మళ్ళీ చేయండి. దాదాపు అదే విలువ వస్తుంది. పలకమీద కాస్త నీరు చల్లి మూడోసారి చేస్తే, వానలో కారు ఎందుకు నమ్మదగినది కాదో పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ పోటీలకు పొడవాటి జీపులను, ఎత్తైన వ్యానులను ఎందుకు రానివ్వరన్నది కూడా ఇటువంటి లెక్కే. చక్రాల మధ్య వెడల్పును, గరిమనాభి ఎత్తుకు రెట్టింపుతో భాగించండి. వెడల్పు 1.5 మీటర్లు, గరిమనాభి ఎత్తు 0.55 మీటర్లు ఉన్న కారుకు ఇది 1.36. ఘర్షణ గుణకం 1 మాత్రమే కాబట్టి ఆ కారు బోర్లాపడటానికి ముందే జారిపోతుంది. జారటం క్షేమం. గరిమనాభి 0.75 మీటర్ల ఎత్తున ఉంటే ఆ సంఖ్య సరిగ్గా 1. జారటమో పల్టీకొట్టటమో చెప్పలేము. మన ఆటోరిక్షా సంగతి పాఠకులే ఊహించుకోవచ్చు.

రాత్రివేళ బైపాసు రోడ్డుమీద పందాలు వేసుకునే కుర్రవాళ్ళను గురించి ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. గుణకం 0.8 అయితే గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ఆగటానికి సుమారు 18 మీటర్లు కావాలి. 120 కిలోమీటర్లకు 71 మీటర్లు. వేగం రెట్టింపైతే దూరం నాలుగు రెట్లు. కాలు బ్రేకుమీదికి వచ్చేలోపల గడిచే ఒక సెకండులో మరో 33 మీటర్లు. క్లబ్బు మైదానంలో ఆ వందమీటర్లలో ఉండేవి రబ్బరు శంకువులు. రోడ్డుమీద ఉండేవి మనుషులు.

గడియారంతో పోటీ చాలదు, పక్కపక్కన నడపాలనుకునేవారికి నియమాలు బిగుస్తాయి. ఇంగ్లండులో వైద్యపరీక్ష ఉంటుంది. పందెపు డ్రైవింగు పాఠశాలవారి దగ్గర నడిపి చూపాలి. జెండాల అర్థాల గురించి వ్రాతపరీక్ష ఉంటుంది. జెండాల ప్రశ్నల్లో ఒక్క తప్పు కూడా ఒప్పుకోరు. లైసెన్సు వచ్చిన తరువాత కూడా మొదటి కొన్ని పందాలలో కారు వెనుక పసుపుపచ్చ పలకమీద నల్లని అడ్డగీతల గుర్తు పెట్టుకొని తిరగాలి. వెనుకనున్నవారికి అది హెచ్చరిక. మన దేశంలో లైసెన్సులిచ్చేది భారత మోటారు క్రీడాసంఘాల సమాఖ్య. మన వైపువారికి దగ్గరి క్షేత్రం మదరాసు. అక్కడి మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో ఏర్పడి, యుద్ధకాలపు షోలవరం విమానపట్టీమీద ఏళ్ళ తరబడి పందాలు నడిపినది. తరువాత శ్రీపెరుంబుదూరు సమీపాన ఇరుంగాట్టుకోట్టైలో సొంత పందెపుబాట నిర్మించుకున్నది.

ఇక తరగతుల సంగతి. నిటారు బాటమీద లెక్క మారుతుంది. వంపులో ఎగిరిపోయిన ద్రవ్యరాశి ఇక్కడ తిరిగి వస్తుంది. 1000 కిలోగ్రాముల కారు సెకండుకు 30 మీటర్ల వేగం అందుకోవాలంటే 450 కిలోజౌళ్ళ గతిజశక్తి కావాలి. ఇంజను 75 కిలోవాట్లదైతే, నష్టాలేమీ లేవనుకున్నా, 6 సెకండ్లు పడుతుంది. అదే ఇంజనుతో 1200 కిలోగ్రాముల కారుకు 7.2 సెకండ్లు. కాబట్టి సమానుల మధ్య పోటీ పెట్టాలంటే ఇంజను శక్తి, కారు బరువు రెండూ చూడాలి. బరువు తూచటం సులభం. శక్తిని కొలవటం పందెపు మైదానంలో కష్టం. అందుకని మొదటినుంచీ దానికి బదులుగా ఇంజను ఘనపరిమాణాన్ని, అనగా పిస్టన్లు ఊడ్చే మొత్తం ఖాళీని, కొలుస్తున్నారు. ఇది మన గిత్తల పళ్ళవంటిది.

ఈ పద్ధతిలోని మంచిచెడ్డలు తెలియటానికి ఇంగ్లండులోని 750 మోటార్ క్లబ్ చరిత్ర చక్కని పాఠం. ఆస్టిన్ కంపెనీ 1922లో ఆస్టిన్ 7 అనే బుల్లికారు వెలువరించినది. ఇంజను 747 ఘన సెంటీమీటర్లు. సామాన్య కుటుంబం కొనుక్కోగలిగిన కారు. ఆ కారు అభిమానులు 1939లో క్లబ్బు పెట్టుకున్నారు. యుద్ధం ముగిసిన తరువాత ఇంగ్లండులో ఎవరి దగ్గరా డబ్బు లేదు. తుక్కు ధరకు దొరికే పాత ఆస్టిన్లు మాత్రం దండిగా ఉన్నవి. ఆ ఇంజను, ఆ చట్రం ఆధారంగా ఎవరికి వారు తమ పెరట్లో పందెపుకారు తయారుచేసుకొనేటట్లు క్లబ్బువారు 750 ఫార్ములా అనే తరగతిని ఏర్పరచారు. ఖర్చు పెరగకూడదన్నదే దాని ముఖ్యోద్దేశం.

కోలిన్ చాప్‌మన్ అనే యువ ఇంజనీరు 1951లో ఈ తరగతికి ఒక కారు తయారుచేశాడు. ఆస్టిన్ ఇంజనులో సిలిండర్లు నాలుగు, గాలి లోనికి వచ్చే దారులు రెండే. పక్కపక్కనున్న రెండు సిలిండర్లకు ఒకటే గుమ్మం. ఒకటి పీల్చిన వెంటనే రెండవది అదే గుమ్మంనుంచి పీల్చాలి; ఇద్దరికీ సమానంగా అందదు. చాప్‌మన్, అతని మిత్రులు ఆ దారి మధ్యలో ఒక పలుచని అడ్డుగోడ పెట్టి నిలువునా చీల్చారు. రెండు గుమ్మాలు నాలుగైనవి. ఘనపరిమాణం ఒక్క చుక్క పెరగలేదు. నియమంలో దారి మధ్య గోడ పెట్టకూడదని ఎక్కడా వ్రాసిలేదు. ఆ ఏడు ఆ కారును అందుకున్నవారు లేరు. తరువాత క్లబ్బువారు ఆ అడ్డుగోడను నిషేధించారు. చాప్‌మన్ లోటస్ కంపెనీ ఫార్ములా వన్‌లో తయారీదారుల విజేతగా 7 సార్లు నిలిచినదన్నది తరువాతి కథ.

చాప్‌మన్‌ది మోసమా? నా అభిప్రాయంలో కాదు. క్లబ్బువారిది అన్యాయమా? అదీ కాదు. ఆ గోడను అనుమతిస్తే మరుసటి ఏడు అందరూ పెట్టవలసి వచ్చేది. పెట్టగల నైపుణ్యం లేనివారు డబ్బిచ్చి చేయించుకోవలసి వచ్చేది. పెరటిలో తయారుచేసుకొనేవాడు మిగలడు. నియమం కొలిచేదానికి, నిజంగా కావలసినదానికి మధ్య ఉన్న సందులో తెలివైనవాడు దూరుతాడు. ఆ సందు పూడ్చటానికి నియమాల పుస్తకం మరో పేజీ పెరుగుతుంది.

ఆ సందు ఎందుకున్నది? ఇంజనుకు శక్తినిచ్చేది ఘనపరిమాణం కాదు, లోనికి వెళ్ళే గాలి. పెట్రోలు ఎంతైనా పోయవచ్చు. దాన్ని కాల్చటానికి గాలి కావాలి. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరు రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. 747 ఘన సెంటీమీటర్ల ఇంజను నిమిషానికి 4000 చుట్లు తిరిగితే, పూర్తిగా నిండినప్పుడు కూడా నిమిషానికి 1494 లీటర్లకు మించి గాలి పీల్చలేదు. చుట్లు పెంచితే గాలి పెరుగుతుంది. టర్బో అనే పంపుతో గాలిని బలవంతంగా లోనికి తోస్తే ఇంకా పెరుగుతుంది. ఘనపరిమాణం మాత్రం కాగితంమీద అట్లాగే ఉంటుంది.

దీనికి అంతర్జాతీయ సమాఖ్యవారు ఒక గుణకారం విధించారు. టర్బో ఉంటే ఘనపరిమాణాన్ని 1.4తో గుణించి ఆ తరగతిలో కూర్చోబెట్టేవారు. 1980 దశకంలో ర్యాలీ కార్ల ఇంజనుల వింత పరిమాణాలకు కారణమిదే. పెజో 205 టర్బో 16 ఇంజను 1775, దానిని 1.4తో గుణిస్తే 2485. లాన్చియా డెల్టా ఎస్4 ఇంజను 1759, గుణిస్తే 2463. రెండూ 2500 గీతకు సరిగ్గా కిందనే. ఆడి క్వాట్రో ఇంజను 2144, గుణిస్తే 3001.6. ఒకటిన్నర ఘన సెంటీమీటర్ల కోసం గీత దాటిన ఆ ఇంజనును ఆడివారు తరువాత కాస్త చిన్నది చేయవలసివచ్చింది. 1.4 సరిపోవటం లేదని తేలి ఆ సంఖ్యను 1.7కు పెంచారు.

ఇంతకంటె సూటి మార్గం గాలినే అడ్డగించటం. విద్యార్థులు సొంతంగా కారు తయారుచేసి పోటీచేసే ఫార్ములా ఎస్.ఎ.ఇ. పోటీలోను, మన దేశంలో దాని పద్ధతిలోనే జరిగే ఫార్ములా భారత్‌లోను, పెట్రోలు ఇంజను పీల్చే గాలి అంతా 20 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఒక్క రంధ్రంగుండా పోవాలి. ఇరుకుదారిలో గాలి వేగం పెరుగుతుంది. కాని ఆ ఇరుకులో ధ్వనివేగం అందుకున్న తరువాత, ఇంజను ఎంత గట్టిగా పీల్చినా అంతకుమించి గాలి రాదు. లెక్క వేస్తే ఆ రంధ్రం గుండా సెకండుకు సుమారు 75 గ్రాముల గాలి వస్తుంది. ఒక గ్రాము పెట్రోలు కాలటానికి 14.7 గ్రాముల గాలి కావాలి. కాబట్టి పెట్రోలు 5.1 గ్రాములు. గ్రాముకు 44 కిలోజౌళ్ళ చొప్పున 224 కిలోవాట్ల ఉష్ణం. అందులో 30 శాతం పనిగా మారితే 67 కిలోవాట్లు, అనగా సుమారు 90 అశ్వశక్తి. ఎవరెంత ఖర్చుపెట్టినా ఆ చుట్టుపక్కలనే తిరగాలి. నియమాలన్నిటిలో నాకు అందంగా తోచేది ఇదే. మన ఇంజనీరింగు కాలేజీల పిల్లలు ఈ రంధ్రంతోనే కుస్తీ పడుతుంటారు.

మరొక మార్గం అందరికీ ఒకే నమూనా కారు పెట్టటం. అమెరికాలో మాజ్డా మియాటాతో నడిచే తరగతి ఇటువంటిది. అక్కడ కూడా చిక్కు తప్పలేదు. ఆ కారు మొదట 1.6 లీటర్ల ఇంజనుతోను, తరువాత 1.8 లీటర్ల ఇంజనుతోను వచ్చినది. అందుకని చిన్న ఇంజనుకు కనీసపు బరువు తక్కువగా నిర్ణయించి, పెద్ద ఇంజనుకు గాలిదారిలో రంధ్రపుబిళ్ళ బిగించారు. టైర్లు అందరికీ ఒకే రకం. టైరు నియమం లేకపోతే మిగిలిన నియమాలన్నీ వ్యర్థం. వంపులో మనకు మిగిలే ఒకే ఒక సంఖ్య ఘర్షణ గుణకమని పైన చూశాం గదా. డబ్బుతో కొనగలిగిన వేగంలో టైరుకు మించినది లేదు.

ఇంతచేసినా దొంగచాటుగా ఇంజను మార్చినవాణ్ణి పట్టుకోవటమెట్లా? అమెరికా క్లబ్బుల్లో పోటీదారుడెవరైనా రుసుము కట్టి, "వాని ఇంజను విప్పి చూపండి" అని కోరవచ్చు. తప్పు దొరికితే దోషి శిక్ష పొందుతాడు. దొరకకపోతే విప్పి బిగించే ఖర్చు అడిగినవాడే భరించాలి. మరికొన్నిచోట్ల ఇంకా చమత్కారమైన ఏర్పాటు ఉన్నది. 2006లో మొదలైన లెమన్స్ అనే సరదా పందాలలో కారు విలువ, రక్షణ సామగ్రి కాక, 500 డాలర్లకు మించరాదు. అవసరమనుకుంటే నిర్వాహకులు ఆ ధరకే కారును కొనేసుకోవచ్చు. పదివేలు పోసి తయారుచేసిన కారును అయిదువందలకు ఇచ్చి ఇంటికి ఎవరు పోతారు? ఇక్కడ కొలిచే సాధనమే అక్కరలేదు.

మా విద్యార్థి కిందటేడు తండ్రి కారుతోనే ఒక ఆటోక్రాస్‌కు వెళ్ళాడు. తనిఖీలో బ్యాటరీ వదులుగా ఉన్నదని మొదట వెనక్కు పంపారు. చక్రాల నట్లు బిగించుకొని, డిక్కీలోని సామానంతా దింపి, బ్యాటరీకి పట్టీ వేసుకొని మళ్ళీ వెళ్ళాడు. అతని తరగతిలో అన్నీ చిన్న ఇంజనుల కార్లే. మొదటి పరుగులో రెండు శంకువులు పడ్డాయి, 4 సెకండ్లు పోయాయి. చివరి పరుగులో ఒక్కటీ పడలేదు. తొమ్మిదిమందిలో నాలుగవవాడుగా వచ్చాడు. మరునాడు నా గదికి వచ్చి, మూడవ వంపులో బ్రేకు ఎక్కడ వదిలాడో నల్లబల్లమీద వృత్తం గీసి చూపించాడు. వృత్తం అంచుకు ఇంకా చాలా లోపలనే ఉన్నాడు.